పన్నెండడుగుల దోవ

మొన్న ఇద్దరు కుర్ర సర్వేయర్లు మా ఇంటికొచ్చారు. నందిగామలో మా వీధి చివర ఏదో హద్దు కొలవడానికొచ్చి, పాత సర్వేయరు ఇక్కడే ఉంటాడని ఎవరో చెబితే మంచినీళ్లకి ఆగారట. వాళ్ల చేతిలో ఉన్న యంత్రం ఆకాశంలోంచి లెక్క తెచ్చి, వేలెడు తేడా లేకుండా హద్దు చెబుతుందట. బాగానే ఉంది. "సార్, మీ సర్వీసులో బాగా పేరొచ్చిన కేసు ఒకటి చెప్పండి" అన్నారు. పేరొచ్చిన కేసులు ప్రతి రిటైరైనవాడి దగ్గరా ఉంటాయి, అందులో సగం అబద్ధాలు. అందుకని ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులోంచి నన్ను లేపి కూచోబెట్టే కేసు చెప్పాను. వాళ్లు వెళ్లిపోయాక సగమే చెప్పాననిపించింది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

నా రిటైర్మెంటుకి ఏడాది ముందు మాట. జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వైపు వెళ్తుంటే ఓ ఊరు, రోడ్డు వారనే ఓ పెద్దావిడ ఇల్లు. ఎనభై దాటిన మనిషి. భర్త పోయాడు, పేటలో ఉన్న కూతురు వారానికోసారి వచ్చి చూసి వెళ్తుండేది. ఆ ఇంటి పక్కనుంచి వెనక స్థలంలోకి పన్నెండడుగుల దోవ ఉంది. దోవ నేల ఆవిడదే. కాకపోతే ఆవిడ మామగారు ఒకప్పుడు వెనక స్థలం అమ్మినప్పుడు, కొన్నవాళ్లకి రోడ్డెక్కడానికి వేరే దారి లేదు కాబట్టి, మనుషులూ గొడ్లూ ఎడ్లబండీ ఆ దోవన నడవొచ్చని దస్తావేజులో రాసిచ్చాడు. రెండు తరాలు ఏ తగువూ లేకుండా నడిచారు.

ఆ వెనక స్థలాన్ని ఓ ఎరువుల వ్యాపారి కొన్నాడు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, ఎదటివాళ్ల చేత కూడా నెమ్మదిగా మాట్లాడిస్తాడు. గోడౌను కట్టడం మొదలుపెట్టాడు. ఇటుకల ట్రాక్టర్లు రెండు మూడుసార్లు తిరిగేసరికి పెద్దావిడ దోవకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచుంది. రేపు ఇందులోంచే లారీలొస్తాయని తెలిశాక కోర్టుకెక్కింది. ఎందుకమ్మా అని ఎవరడిగినా ఒకటే మాట: "మనుషులు నడవండి, బండి తోలుకోండి. లారీ మాత్రం వద్దు." అంతకుమించి పెదవి విప్పదు. లాయరు తన తెలివి కొద్దీ దుమ్మనీ మోతనీ గోడలు బీటలు వారతాయనీ రాశాడు. వ్యాపారి జవాబు కూడా తీసెయ్యదగ్గది కాదు. "అప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు లారీ. దారి హక్కంటే హక్కేగా. ఈ రోజుల్లో ఎడ్లని ఎక్కణ్ణించి తేనండీ?" అనేవాడు.

పక్కవాడి నేల మీద నడిచే హక్కుంటే దాని మీద ఎంత బరువైనా మోపొచ్చా అన్నది ప్రశ్న. అది తేల్చాల్సింది జడ్జిగారు. చోటు చూసి ఉన్నదున్నట్టు చెప్పమని కోర్టు నందిగామ నుంచి ఓ కుర్ర లాయరుని కమిషనరుగా వేసింది. అతనికి కొలతలు తీసిపెట్టడం నా పని.

వెళ్లిన రోజు ఎండ మాడు పగలగొడుతోంది. పైగా పొద్దున్నే మా చైన్‌మన్ ఆలస్యంగా వచ్చాడని అతని మీద ఎగిరి ఉన్నాను. అతని గురించి రెండు ముక్కలు చెప్పాలి. నాకంటే నాలుగు నెలలు పెద్ద. అందరూ భాయ్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. గొలుసు లాగడం, గునపంతో గుంజ పాతడం అతని ఉద్యోగం. కానీ అసలు విద్య వేరే ఉంది. రైతులు హద్దు జరుపుకోడానికి పూడ్చేసిన సర్వే రాళ్లని గునపం చప్పుడు బట్టి కనిపెట్టేవాడు. పది చోట్ల పొడిచి, పదకొండో చోట "సార్, ఇక్కడ" అనేవాడు. తవ్వితే రాయి ఉండేది. ఆ చెవుల పుణ్యాన నేను ఎన్ని కేసుల్లో మెప్పు పొందానో లెక్కలేదు. మెప్పు మటుకు నాకొచ్చేది.

ఆ రోజు దోవ మొదట్లో, అరుగుకి సరిగ్గా ఎదురుగా, గుర్తు కోసం గుంజ పాతబోయాడు. రెండు పోట్లు పొడిచి ఆగిపోయాడు. వంగి అరచేత్తో నేల తట్టాడు.

"సార్, ఇక్కడ నేల బోలుగా మోగుతోంది."

అరుగు మీద కూచున్న పెద్దావిడ అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఉన్నట్టుండి "అక్కడ పొడవకండయ్యా" అంది.

ఆ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బుర్రున్నవాడెవడైనా ఒక్క క్షణం ఆగుతాడు. నేను ఆగలేదు. ఆవిడ కొలతలకి అడ్డుపడుతోందనుకున్నాను, అతను పొద్దున తిన్న చీవాట్లకి కాలయాపన చేస్తున్నాడనుకున్నాను. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

"మనల్ని కొలవమంది వెడల్పు భాయ్, లోతు కాదు. కానీ, కానీ" అన్నాను.

కమిషనరు నవ్వాడు. వ్యాపారి కొబ్బరిబోండాలు తెప్పించాడు. భాయ్ గుంజని మూరెడు పక్కన పాతాడు.

పటం గీశాను. పొడవు, వెడల్పు, గోడకి ఎంత దూరం, అన్నీ రాశాను. చివర్లో నా అంతట నేనే ఒక వాక్యం చేర్చాను. భారీ వాహనం రాకపోకలకు వెడల్పు చాలునని, నేలలో ఆటంకమేదీ కనబడలేదని. కోర్టుకి రాసేటప్పుడు కాస్త దర్జాగా ఉండాలని నా పిచ్చి. కమిషనరు దాన్ని తన రిపోర్టులో ఉన్నదున్నట్టు దించాడు. దాన్ని నమ్ముకుని, కేసు తేలేదాకా పగటిపూట లారీ నడుపుకోవచ్చు, దోవలో ఆపకూడదు అని తాత్కాలికంగా ఆర్డరు వచ్చింది. నా వాక్యం ఆర్డరులోకి ఎక్కిందని ఇంటికెళ్లి చెప్పుకున్నాను కూడా.

రెండు నెలలు గడిచాయి. తొలకరి పడింది. ఒకరోజు వత్సవాయిలో ఓ రైతు ఇంటి హద్దు కొలవడానికి నేనూ భాయ్ వెళ్లాం. మధ్యాహ్నం ఒంటిగంటకి పని ముగించి వాకిట్లో కూచుని మజ్జిగ తాగుతున్నాం. రైతు కొడుకు ట్రాక్టరు తెచ్చి వాకిట్లో పెట్టబోయాడు. ముసలాయన ఇంట్లోంచి ఒక్క ఉరుకున బయటికొచ్చాడు.

"ఒరేయ్, అక్కడ పెట్టకురా. పాతర ఉందని ఎన్నిసార్లు చెప్పా నీకు?"

ఇప్పటివాళ్లు పాతర చూసి ఉండరు. జొన్న పండే రోజుల్లో మా మెట్ట ఊళ్లలో ఇళ్ల ముందు నేలలో కుండలా తవ్వేవాళ్లు. మూతి సన్నగా, లోపల పొట్ట విశాలంగా, రెండు నిలువుల లోతున. చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టి కప్పేవాళ్లు. ఎక్కడుందో బయటివాళ్లకి చెప్పేవాళ్లు కాదు. తిండిగింజల చోటు ఊరందరికీ తెలిస్తే ఎలా?

"బండి పోతే ఏం కాదండీ. ఎడ్లబండి ఎన్నేళ్లు తొక్కినా బండ ఓర్చుకుంటది. ట్రాక్టరు బరువుకి ఆగదు" అంటూ ముసలాయన కాలితో నేల తన్ని చూపించాడు.

ఆ చప్పుడు విన్నాను. గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. మనుషులు నడవండి, బండి తోలుకోండి, లారీ మాత్రం వద్దు. తల తిప్పి భాయ్ వంక చూశాను. అతను అప్పటికే నా వంక చూస్తున్నాడు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను కూడా ఏదో ఒకటి అరిచేవాణ్ణి.

కమిషనరుకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"మాస్టారూ, రిపోర్టు ఫైలైపోయింది. ఇప్పుడు మీరు కాదంటే అవతలి లాయరు మిమ్మల్ని బోనులో నిలబెట్టి చీల్చేస్తాడు. రిటైర్మెంటు ముందు ఎందుకండీ ఇదంతా? అక్కడ పాతరుందని మీకు మాత్రం రూఢిగా తెలుసా?"

"తెలియదు. లారీలు తిరుగుతున్నాయా?"

"ఇంకా లేదు. గోడౌను మొన్నే పూర్తయింది. ఇవాళే మొదటి లోడు, రెండింటికి పూజ. నన్ను కూడా పిలిచాడు."

గడియారం చూశాను. ఒంటిగంట ఇరవై. వ్యాపారికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. బస్సు ఇప్పట్లో లేదు. భాయ్ పాత మోపెడ్ ఒకటే దిక్కు. అతను తోలుతుంటే వెనక కూచుని, గునపం అడ్డంగా ఒళ్లో పెట్టుకున్నాను.

ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. ఒక పక్క నాలో నేను వాదించుకుంటున్నాను. పాతర లేదేమో, ఉన్నా ఎప్పుడో పూడ్చేసి ఉంటారేమో, వెళ్లి నవ్వులపాలవుతానేమో. మరో పక్క ఉందేమో అన్న భయం. ఊరు ఇంకా రెండు మైళ్లుందనగా ముందు ఒక లారీ తగిలింది. పది చక్రాల లారీ, ఎరువుల బస్తాలు నిండుగా. బస్తాల మీద నలుగురు హమాలీలు కూచుని కబుర్లాడుకుంటున్నారు. ఒకడు మమ్మల్ని చూసి, గునపం చూసి, నవ్వుతూ చెయ్యూపాడు.

"ఇదేనంటావా భాయ్?"

"ఇదే సార్. మరేదైతది?"

హారన్ కొట్టాం, కేకలేశాం. డ్రైవరు పాటలు పెట్టుకున్నాడు. రోడ్డు సన్నం, దాటడానికి చోటు లేదు. ఆ లారీ వెనక దుమ్ము తింటూ వెళ్లినంతసేపూ నేను చూస్తున్నది ఆ నలుగురి కాళ్లని. బస్తాల అంచున వేలాడేసి ఊపుతున్నారు. నా వాక్యం మీద కూచున్నారు వాళ్లు. పటంలో నేను పెట్టిన సంతకం మీద కూచున్నారు.

లారీ దోవ మొగదల దగ్గర ఆగింది, పూజ కోసం. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నారు. మోపెడ్ ఇంకా ఆగకుండానే దిగి, పరిగెత్తి, అరుగుకి ఎదురుగా దోవ మధ్యలో నిలబడ్డాను. చేతులు అడ్డంగా చాపాను.

వ్యాపారి కొబ్బరికాయ చేత్తో పట్టుకునే వచ్చాడు.

"ఏంటండీ సర్వేయర్ గారూ, ఆర్డరుందిగా?"

"ఆర్డరు నా రిపోర్టు మీద వచ్చింది. నా రిపోర్టు తప్పు."

"తప్పా? రెండు నెలల తర్వాత తెలిసిందా? పిన్నిగారు ఏమన్నా గట్టిగా ముట్టజెప్పిందా?"

ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఆ మాట పడింది అదే మొదటిసారి. మామూలు రోజైతే చొక్కా పట్టుకునేవాణ్ణి. ఆ రోజు అతని మీద కోపం రాలేదు, నేను చేసింది చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అరుగు వైపు తిరిగాను. ఆవిడ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, ఇక్కడ పాతరుందా?"

జనం మూగారు. హమాలీలు బస్తాల మీంచే తొంగి చూస్తున్నారు. ఆవిడ మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చింది. నా పక్కన, ఆ నేలకి ఒక అడుగు ఇవతల ఆగింది.

"ఉంది నాయనా. నీ కాళ్ల కిందే ఉంది. ఇవతలికి రా."

వచ్చాను.

"మా మరిది అందులోనే పోయాడు" అంది. ఎవరితోనో చెబుతున్నట్టు లేదు, నేల వంకే చూస్తోంది. "నేను కాపరానికొచ్చిన ఏడు. చుట్టాలొచ్చారు, జొన్నలు కావాలి. పాతర తీసి ఒకపూట వదిలెయ్యాలి, ముందు దీపం దించి చూడాలి, ఆరితే లోపల గాలి చెడ్డట్టు, మనిషి దిగకూడదు. అదంతా నాకు తెలుసు. పుట్టింట్లో చూసినదాన్నే. పొద్దుపోతంది, దిగవయ్యా అని నేనే దింపా. పద్దెనిమిదేళ్ల పిల్లాడు. చేట అడిగాడు, ఇచ్చా. మళ్లీ పలకలా."

డ్రైవరు లారీలో పాట ఆపేశాడు.

"పిల్లాణ్ణి పైకి తీశారు, జొన్నలు అట్టాగే వదిలేశారు. బండేసి కప్పేశారు. ఇంక ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాడు మా మామ. నన్ను ఒక్కమాట అనలేదు ఎవరూ. అనకుండానే పోయారు అందరూ. కూతురిక్కూడా చెప్పలా నేను."

వ్యాపారి కొబ్బరికాయ కిందికి దించాడు. ఐనా వ్యాపారమంటే వ్యాపారమే. "అరవయ్యేళ్ల కిందటి మాట కదండీ. ఈపాటికి పూడిపోయి ఉండదా?" అన్నాడు, మునుపటి కంటే మెల్లగా.

భాయ్ నా చేతిలోంచి గునపం తీసుకున్నాడు. అందర్నీ దూరం జరగమని, తాను గోడ వైపు గట్టి నేల మీద నిలబడి, చెయ్యి చాపి పొడిచాడు. మొదటి పోటుకి మట్టి రాలింది. రెండో పోటుకి రాయి తగిలినట్టు ఠంగుమంది. మూడో పోటుకి గునపం అతని చేతిలోంచి జారిపోయింది. నేలలోకి పోయింది. దాని వెనక ఒక బండ ముక్క, గంపెడు మట్టి. ఒకటి అనుకునేంత సేపటికి కింద చప్పుడైంది. ఇటుకల ట్రాక్టర్లకే బండ బీటలిచ్చి ఉంది. ఆ కన్నంలోంచి ముక్కిపోయిన వాసన పైకి కొట్టింది.

లారీ మీద చెయ్యూపిన హమాలీ కిందికి దిగి, వచ్చి ఆ కన్నం వంక చూసి, లారీ వంక చూసి, అక్కడే గొంతుక్కూచున్నాడు. నేనూ అతని పక్కనే కూలబడ్డాను. ఒకడు వంగి లోపలికి తొంగి చూడబోతే పెద్దావిడ కేక పెట్టింది.

"తొంగి చూడొద్దు. ఎవరూ దగ్గరికి రావొద్దు."

తర్వాత జరిగింది మీకు పనికొచ్చేంత మేరకే చెబుతాను. తప్పు ఒప్పుకుంటూ కోర్టుకి కాగితం రాశాను. బోనులో నన్ను వ్యాపారి లాయరు కాదు, పెద్దావిడ లాయరే చీల్చాడు. నేల మోగుతోందని మీ మనిషి చెప్పాడా? చెప్పాడు. మీరేం చేశారు? కసురుకున్నాను. మా ఆఫీసరు మెమో ఇచ్చాడు. గునపం ఏదని స్టోరువాళ్లు అడిగితే భాయ్ ఎంతో మర్యాదగా, "సార్ లోతు కొలవమన్నారు, కొలుస్తా ఉంది" అని చెప్పాడట. అతను నన్నన్న మాట అదొక్కటే, అదీ నా వెనక.

కేసు రాజీ అయింది. మనుషులు, గొడ్లు, బండి, మోటారు సైకిలు, ఆటో, కారు వరకు దోవన నడవొచ్చు. లారీ కూడదు, లోడు ట్రాక్టరు కూడదు, దేన్నీ దోవలో నిలపకూడదు. బస్తాలు రోడ్డు మీద దించుకుని చిన్న ఆటోలో లోపలికి చేర్చుకోవాలి. దారి హక్కు ఇచ్చినవాడు తన నేల ఓర్చుకునేంత వరకే ఇచ్చాడని జడ్జిగారు ఇద్దరికీ విడమరిచి చెప్పారు. వ్యాపారికి ఖర్చు పెరిగింది, సణిగాడు, ఒప్పుకున్నాడు. పాతర పూడ్పించే పని మాత్రం ఎవరూ అడక్కుండానే నెత్తినేసుకున్నాడు.

పూడ్చే రోజు నేనూ భాయ్ వెళ్లాం. ఇసక ట్రాక్టరు రోడ్డు మీదే ఆగింది, హమాలీలు గంపలతో మోస్తున్నారు. ఆ నలుగురే. మొదటి గంప పొయ్యబోతుంటే పెద్దావిడ ఆగమంది. ఇంట్లోంచి లాంతరు వెలిగించి తెచ్చి, కొత్త తాడు తానే ముడేసి, భాయ్ చేతికిచ్చింది. "దించు" అంది. ఇప్పుడెందుకని ఎవరూ అడగలేదు. అతను నెమ్మదిగా దించాడు. వెలుగు గుండ్రంగా గోడల మీద జారుకుంటూ పోయింది. మనిషి నిలువు లోతుకి వెళ్లేసరికి రెపరెపలాడి ఆరిపోయింది.

ఆవిడ తల ఊపింది. "అప్పుడూ ఇట్టాగే ఆరిపోయుండేది" అంది. ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇసక పొయ్యమని చేత్తో సైగ చేసింది.

సాయంత్రానికి నిండింది. మేం బయల్దేరుతుంటే అరుగు దగ్గర ఆగాను. ఆ లారీ రోజు నుంచి నన్ను వదలని మాట అడగకుండా వెళ్లలేకపోయాను.

"అమ్మా, కొలతలు తీసిన రోజునే నేను అడిగి ఉంటే చెప్పేవారా?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. ఎంతసేపంటే, భాయ్ మోపెడ్ స్టార్ట్ చేసినవాడు మళ్లీ ఆపేశాడు.

"చెప్పేదాన్ని కాదేమోలే నాయనా. అబద్ధమెందుకు?" అంది. నాకు కాస్త ఊపిరాడింది. చెప్పులు వేసుకుని మెట్టు దిగాను.

"అయినా నువ్వు అడగాల్సింది" అంది వెనకనుంచి.